గీతకి అవతలి పక్క

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట దాకా రోడ్డు మీద ఎన్ని గోతులున్నాయో అడగండి, మంగరాజు వేళ్ళు మడిచి చెబుతాడు. ఏ మలుపులో ఎవరి కుక్క ఆటో వెంట పడుతుందో, ఏ కల్వర్టు దగ్గర ఏ ముసలమ్మ చెయ్యెత్తకుండానే ఎక్కుతుందో, ఎవరి గేదెలు ఎన్నింటికి రోడ్డు దాటుతాయో కూడా చెబుతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ రోడ్డు మీద షేర్ ఆటో తోలుతున్న మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని గురువారం సాయంత్రం కన్నకూతురే ఒక ప్రశ్న అడిగి నోరు మూయించింది.

సౌందర్యకి మంగళవారం ఎల్లెల్లార్ పరీక్ష. స్కూటీ నేర్చుకుంటోంది. ఆర్టీవో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలడుగుతారట. ఫోనులో బొమ్మలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని బట్టీ పడుతోంది. మంగరాజు ఆటో ముందు గొంతుక్కూర్చుని, కుడి పక్కన పగిలిపోయిన హెడ్‌లైటు తీసేసి కొత్తది బిగిస్తున్నాడు.

"నాన్నా, ఇదేటో సెప్పు," అని ఫోను అతని మొహం ముందు పెట్టింది.

ఎర్ర అంచు ముక్కోణం. లోపల నల్లటి నిలువు గీత, దానికి ఎడమ పక్కన కొమ్మలాగా చిన్న గీత.

"సెట్టు," అన్నాడు మంగరాజు స్క్రూ తిప్పుతూనే.

"సెట్టేటి నాన్నా! ఎడం పక్కనుంచి ఒక దారొచ్చి కలుస్తాదని. సరే, ఇది?"

గుండ్రటి బోర్డు. లోపల హారను బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"సన్నాయి ఊదకూడదు. పెళ్ళి ఊరేగింపు ఇక్కడితో ఆపీయాల."

వంటింట్లోంచి అతని భార్య లోవలక్ష్మి నవ్వు వినిపించింది. "బాగుందమ్మా. మీ నాన్నని కూడా తీసుకుపో పరీక్షకి. ఇద్దరూ కలిసి ఫెయిలవుదురు గాని."

మంగరాజుకి రోషం వచ్చింది. అతని లైసెన్సు కాలంలో పరీక్షా లేదు, కంప్యూటరూ లేదు. బ్రోకరు సంతకం పెట్టమన్నచోట పెట్టి వచ్చాడు. ఆ సంగతి ఇప్పుడెందుకని, "ఇంకోటడుగు," అన్నాడు.

"రోడ్డు మధ్యలో తెల్లగీత ఒకచోట ముక్కలు ముక్కలుగా ఉంటాది, ఒకచోట ఒకటే గీతగా ఉంటాది. ఎందుకు?"

ఇది అతనికి తెలుసు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ చెప్పాడు. "ముక్కలుగా ఉన్నకాడ కంట్రాక్టరు రంగు మిగుల్చుకున్నాడు. ఒకటే గీతున్నకాడ ఇంజినీరొచ్చి నిలబడ్డాడు."

సౌందర్య నవ్వి నవ్వి అరుగు మీద వాలిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చెప్పింది. "ముక్కల గీతైతే, ఎదర ఏటీ రాకపోతే దాటొచ్చు నాన్నా. ఒకటే గీతైతే దాటకూడదు. దాన్ని గోడనుకోమన్నాడు మా ట్రైనింగ్ సార్."

"గోడా?"

"గోడే."

మంగరాజు కూడా నవ్వాడు గాని స్క్రూడ్రైవరు మళ్ళీ చేతికి తీసుకోలేదు. పోయిన వేసవిలో ఆ రోడ్డు కొత్తగా వేశారు. గీతలు కొట్టారు. ఆ సంగతి తెలుసు. కానీ ఏ మలుపులో ఏ గీత ఉందో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ కళ్ళముందుకి రావడం లేదు. రోజుకి ఆరు ట్రిప్పులు దాని పక్కనే తిరిగేవాడికి అదెలా ఉందో తెలియకపోవడమేమిటి? పళ్ళ సందున ఇరుక్కున్న పీచులాగా ఆ ప్రశ్న రాత్రి దాకా అతన్ని వదల్లేదు.

ఆ హెడ్‌లైటు పగిలింది సోమవారం పొద్దున్న. గొలుగొండ దాటాక వచ్చే మలుపులో, ఎదర నుంచి టీవీఎస్ మీద వస్తున్న చేపల నూకరత్నం బండీ, మంగరాజు ఆటో ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆటోలో జనానికి ఏమీ కాలేదు. నూకరత్నం కుడి మణికట్టు విరిగింది, చేపల పెట్టె రోడ్డున బోర్లా పడింది. కిందపడిన మనిషి లేస్తూనే, "నాను నా వేపే వత్తన్నానండి," అంది. ఎవరు వింటారు? ఒక పక్క పాయకరావుపేట అవతలనుంచి వచ్చి చేపలమ్ముకునే ఆడమనిషి. ఇంకో పక్క పద్దెనిమిదేళ్ళలో ఆటోకి ఒక్క సొట్ట పడనివ్వని డ్రైవరు. తీర్పు చెప్పడానికి ఇంకేం కావాలి!

కేసుల దాకా ఎందుకని సాయంత్రం ఆటో స్టాండులోనే యూనియన్ ప్రెసిడెంటు భీమన్న తేల్చేశాడు. తప్పు నూకరత్నానిది. వచ్చే సోమవారం పదింటికి స్టాండుకొచ్చి, అందరి ముందూ తప్పు తనదని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ రోడ్డు మీద ఏ ఆటో ఆమెని గాని, ఆమె చేపల బుట్టని గాని ఎక్కించుకోదు. చేతికి కట్టుతో ఆమె టీవీఎస్ ఎలాగూ తోలలేదు. ఆమె దగ్గర చేపలు కొనే ఊళ్ళన్నీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి.

మంగరాజు అవుననలేదు, కాదనలేదు. అతనికి గుర్తున్నదీ అంతే. తను ఎప్పుడూ వెళ్ళినట్టే వెళుతున్నాడు, ఆవిడ ఎదురొచ్చేసింది.

శుక్రవారం మొదటి ట్రిప్పుకే మంగరాజు బోర్డులు చూడటం మొదలుపెట్టాడు. పెద్ద పట్టుదలేం కాదు. కూతురు నవ్వింది, రేపు తను దాన్నే ఒక ప్రశ్న అడిగి నవ్వాలి, అంతే.

ఊరు దాటకముందే ఒకటి ఎదురైంది. ముక్కోణంలో ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నారు. సగం మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు గనక పిల్లల కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. పక్కనే బడి ఉంది. బడి ఉందని అతనికి తెలుసు, పిల్లలు ఎన్నింటికి వదులుతారో తెలుసు. బోర్డు ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఆటో నెమ్మదించేసరికి వెనక సీటులోంచి ఒకాయన తల ముందుకి పెట్టాడు. "ఏటి మంగరాజూ, డీజిలు అయిపోనాదా?"

"లేదు బాబూ. బోర్డు సూత్తన్నాను."

"ఎవలిది? ఎలచ్చన్లొచ్చీసినాయేటి?"

ఆటో అంతా నవ్వింది. మంగరాజు పట్టించుకోలేదు. అతని పక్కన ముందు సీటు మీద ఇటొకరూ అటొకరూ ఇరుక్కుని కూర్చోవడంతో, తను అంచు మీద అరకూర్చుని, మెడ సాచి చూస్తున్నాడు. రెండు పక్కలనుంచీ గోడలు దగ్గరికొచ్చినట్టున్న బొమ్మ వచ్చింది; దాని వెనకే ఇరుకు కల్వర్టు వచ్చింది. మెలిక తిరిగిన బాణం వచ్చింది. దాని వెనకే మలుపు వచ్చింది. ఒక స్తంభానికి ఎవరో గేదెని కట్టారు. అది బోర్డు కింద పడుకుని నెమరేస్తోంది. ఇంకో బోర్డు మీద పిల్లలు రాళ్ళు రువ్వి రువ్వి బొమ్మ తుప్పు పట్టింది. మరొకదాని మీద స్పోకెన్ ఇంగ్లీషు కాగితం అంటించారు. ఆ మలుపు ఎటు తిరుగుతుందో తెలుసుకోవాలంటే ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలి కాబోలు.

కృష్ణదేవిపేట చేరేసరికి ముప్పై ఒకటి లెక్కపెట్టాడు. తిరుగు ట్రిప్పులో ఇంకో వింత. పోయేటప్పుడు చూసినవన్నీ ఇప్పుడు వీపులు చూపిస్తున్నాయి, వచ్చేవాళ్ళ కోసం వేరేవి ఇటు తిరిగి నిలబడి ఉన్నాయి. ఈ వీపులే తనెప్పుడూ చూసింది. బూడిదరంగు రేకులు. ఎవడో పొలానికి పాతుకున్నవనుకునేవాడు.

గీతలు కూడా అంతే. తిన్నని రోడ్డు మీద ముక్కలు ముక్కలుగా పోతూ పోతూ, మలుపు ఇంకా కనబడకముందే ముక్కలు కలిసి ఒకటే గీత అవుతోంది. మలుపు దాటి, ఎదర బాగా కనిపించేచోట మళ్ళీ విడిపోతోంది. రంగు మిగుల్చుకున్నవాడు ఇంత తెలివిగా మిగల్చడు. ఎవడో తెలిసినవాడు ఈ రోడ్డంతా నడిచి చూసుకున్నాడు. తను బ్రేకులు కొట్టి, జారి, తిట్లు తిని పద్దెనిమిదేళ్ళకి నేర్చుకున్నదంతా ఆ మనిషి బొమ్మలేసి రోడ్డు పక్కన పాతి పెట్టి పోయాడు. ఇది తలుచుకుంటే మంగరాజుకి ఆనందం పట్టలేదు. ఎవరో తెలియని ఆ మనిషి మీద గౌరవమూ పుట్టింది, ఇన్నాళ్ళూ ఒక్క మాటా చదవకపోతినే అని సిగ్గూ వేసింది.

గొలుగొండ దాటాక వచ్చే మలుపు ముందు, కూతురు చూపించిన 'చెట్టు' బోర్డు ఉంది. ఎడమ పక్కన పేటలోంచి మట్టిదారి వచ్చి కలుస్తుందక్కడ. ఆ బోర్డు దగ్గర్నుంచి మలుపు చివరిదాకా గీత ఎక్కడా తెగలేదు.

గోడ, అనుకున్నాడు మంగరాజు. సోమవారం గుద్దుకున్నది ఇక్కడే. నూకరత్నం గోడ దాటి వచ్చిందన్నమాట. దాటిన గుర్తు రోడ్డు మీద ఉంటుంది కదా, చూడాలి, అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఖాళీ ఆటోతో తిరిగొస్తూ మలుపు దగ్గర ఆపాడు. ఎండ చురుక్కుమంటోంది. తువ్వాలు తలకి చుట్టుకుని, వంగి, పోగొట్టుకున్న ఉంగరం వెతికేవాడిలాగా రోడ్డు వెతకడం మొదలుపెట్టాడు.

తన హెడ్‌లైటు గాజుపెంకులు దొరికాయి. వాటిని నమ్మడానికి లేదు. ఐదు రోజుల్లో ఎన్ని బస్సుల చక్రాలు వాటిని ఎటు తోశాయో. తారుకి అంటుకుపోయి ఎండలో మెరుస్తున్న చేప పొలుసులు కనిపించాయి. వాటి పక్కనే టీవీఎస్ ఫుట్‌రెస్టు తారుని గీకిన గీకుడు, మూరెడు పొడవున, తెల్లగా. పెంకులు కదులుతాయి. గీకుడు కదలదు.

మంగరాజు తెల్లగీత మీద మడమ పెట్టి, అక్కణ్ణుంచి గీకుడు దాకా అడుగు మీద అడుగు వేసి కొలిచాడు. ఐదు పాదాలు. గీతకి అవతల. అంటే నూకరత్నం వచ్చే వైపు.

ఇంకోసారి కొలిచాడు. మళ్ళీ ఐదే.

ఆటో గుద్దిన దెబ్బకి బండి అటు జరిగిందేమో? కానీ గీకుడు మొదలైన చోటే లోతుగా ఉంది, పోనుపోను పలచబడింది. మొదలే ఐదు పాదాల అవతల. పోనీ ఆవిడ చెప్పినట్టు ఆవిడ వైపే ఉందనుకుందాం. మరి తన ఆటో కుడి లైటు అక్కడిదాకా ఎలా వెళ్ళింది? ఆటోకి రెక్కలేమైనా మొలిచాయా? మంగరాజు నడి రోడ్డు మీద నిలబడి తన వైపు చూశాడు. బోలెడంత చోటుంది. గొయ్యి లేదు, రాయి లేదు. ఎడమ పక్కన మట్టిదారి మొదట్లో ఎండిపోయిన ఎర్రమరక ఒకటుంది, అంతే. అవతలికి పోవలసిన పని ఏముంది?

బైకు మీద పోతున్న కుర్రాడు హారను కొట్టి, "సావాలనుందేటి మావా?" అని అరిచి పోయాడు.

సాయంత్రం మంగరాజు చేపల బజారుకి వెళ్ళాడు. నూకరత్నం గోనె మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. పక్కన ఆమె ఆడపడుచు అచ్చియమ్మ కత్తిపీట ముందేసుకుని చేపలు తోముతోంది. నూకరత్నం ఎడమచేత్తో ఒక్కొక్క చేపా అందిస్తోంది. మంగరాజుని చూసి అందించడం ఆపలేదు.

"ఏటి కావాల అన్నయ్యా? కానగంతలున్నాయి."

"సేపలకి రాలేదమ్మా. ఒక మాట అడుగుదామని." అతనికి ఎలా మొదలెట్టాలో తెలియలేదు. "ఆరోజు నువ్వు గీతకి ఎటేపున్నావు?"

"నా వేపే."

"మరి నానో?"

నూకరత్నం అతని మొహంలోకి చూసింది. వెటకారమాడుతున్నాడేమోనని చూసినట్టుంది. "నా వేపే," అంది మళ్ళీ. "ఈ ముక్క ఆరోజే అడగాల కదేటి? ఇప్పుడడిగి ఏటి సేత్తావు?"

"ఊరికే. తెలుసుకుందామని."

"తెలుసుకో," అంది ఆమె. "సోమారం వత్తాను. తప్పు నాదనే సెప్తాను. ఆటో ఎక్కకపోతే నా సేపలెవులు కొంటారు? ఒక్క మాటంటే పోయేదేటుంది."

అచ్చియమ్మ కత్తిపీట మీదనుంచి తలెత్తకుండా, "పోయేది మా వొదినకే తెలుసు బాబూ," అంది. "రేతిరంతా ఏడిసింది."

మంగరాజు అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాడు.

సోమవారం ఏడింటి ట్రిప్పు. ఎనిమిదిమందిని ఎక్కించుకున్నాడు. ఆ మలుపులో ఈసారి రోడ్డుని కాదు, తననే చూసుకోవాలనుకున్నాడు. ఎలా వెళతాడు, ఎక్కడ బ్రేకు వేస్తాడు, చేతులేం చేస్తాయి. దొంగని పట్టుకోవడానికి పొంచి కూర్చున్నవాడి లాగా తన చేతుల మీద తనే కన్నేసి ఉంచాడు.

'చెట్టు' బోర్డు వచ్చింది. గీత ఒకటయింది. మట్టిదారి రోడ్డుని కలిసే చోట, తన వైపు, పగలగొట్టిన గుమ్మడికాయ చెక్కలు, కుంకం అద్దిన నిమ్మచెక్కలు రెండు, చుట్టూ ఎర్రనీళ్ళు. నిన్న ఆదివారం. పేటలో ఎవరో దిష్టి తీసి, మూడు దారులు కలిసే చోటని తెచ్చి ఇక్కడ పారబోశారు. అవి మంగరాజుకి వంద గజాల దూరం నుంచే కనిపించాయి. రెండడుగుల ఎర్రబోర్డు పద్దెనిమిదేళ్ళు కనబడని కంటికి, చిటికెడు కుంకం వంద గజాలనుంచి కనబడింది.

వెనక కూర్చున్న ఒకామె, "నూకాలమ్మ తల్లీ," అని గొణుక్కుంది. ఆ మాట పూర్తయ్యేలోగా తెల్లగీత ఆటో కిందకి దూరి, ఎడమ పక్కనుంచి బయటికొచ్చింది. ఆటో గీతకి అవతల కాస్త దూరం పోయి, మళ్ళీ చల్లగా తన వైపుకి వచ్చేసింది.

ఇదంతా చేసింది చేతులు. మంగరాజు వాటికేమీ చెప్పలేదు. దిష్టి తొక్కకూడదని ఒకరు చెప్పాలా? తొక్కితే ఆ పీడ మనకి చుట్టుకుంటుంది. అన్నం ఎడమచేత్తో తినకూడదన్నంత సహజంగా చేతులకే తెలుసు. ఆటోలో ఒక్కరు ఉలిక్కిపడలేదు. పక్కన కూర్చున్నవాడు ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు.

పోయిన సోమవారం గుద్దుకునే ముందురోజు, ఆదివారం కూడా ఇక్కడ దిష్టి పడే ఉంటుంది. పైగా అమావాస్య.

శనివారం మంగరాజు చూసిన ఎర్రమరక అదే. తప్పు తనదే. పద్దెనిమిదేళ్ళ మంచిపేరు ఒక నిమ్మచెక్క కాడ పోయింది. కృష్ణదేవిపేటలో జనాన్ని దింపి టీ తాగాడు. అది టీయో వేన్నీళ్ళో తెలియలేదు.

పదింటికి స్టాండులో పాతికమంది డ్రైవర్లు చేరారు. భీమన్న కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అరవై దాటినవాడు, ఈ రోడ్డు మీద మంగరాజుకి ఆటో తోలడం నేర్పినవాడు. మంగరాజు చెప్పవలసిన మాట దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాడు గాని, అంతమందిని చూసేసరికి వెనక వరసలో నిలబడ్డాడు. నూకరత్నం వస్తే చెబుదామనుకున్నాడు. నూకరత్నం వచ్చింది. బుట్ట కింద దింపుకున్నాక చెబుదామనుకున్నాడు. ఆమె బుట్ట దింపుకుంది, భీమన్న ఎదురుగా నిలబడింది, ఎవరూ అడగకుండానే చెప్పేసింది.

"తప్పు నాదేనండి."

ఆ మాట అనేటప్పుడు ఆమె ఎవరి మొహంలోకీ చూడలేదు. ఎడమచేత్తో కట్టు అంచు నలుపుకుంటూ నిలబడింది.

"మంచిది," అన్నాడు భీమన్న. "ఒప్పుకున్నావు గనక ఇంక ఏటీ లేదు. ఎక్కు. బేగి బయల్దేరండిరా, సేపలు పాడైపోతాయి."

"అన్నా, ఆగు," అన్నాడు మంగరాజు. "తప్పు ఆయమ్మది కాదు. గీత దాటింది నాను."

మంగరాజు చెప్పాడు: గీకుడు సంగతి, ఐదు పాదాల సంగతి, దిష్టి సంగతి, చేతుల సంగతి. చెప్పడం అయ్యాక భీమన్న లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

"సూసినారేటర్రా, మనసంటే ఇదీ! ఆడకూతురు నలుగురిలో సిన్నబోయిందని తప్పు తన నెత్తినేసుకుంటన్నాడు. మన స్టాండులో ఇలాటోడు ఉన్నాడని సెప్పుకోవాల."

గోవింద్ అనే కుర్ర డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. నూకరత్నం చప్పట్లవైపు చూసింది, తర్వాత మంగరాజువైపు చూసింది. ఆ చూపు భరించడం కంటే చెంపదెబ్బ తినడం నయమనిపించింది. నిజం చెబితే తనకి దండ పడింది, ఆమెకి తప్పు అలాగే మిగిలింది.

మంగరాజుకి జీవితంలో మొదటిసారి భీమన్న మీద కోపం వచ్చింది. ఆటో తాళం తీసి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలన్నా."

"నానెందుకురా?"

"ఆ మలుపు దాకా నువ్వు తోలు. ఎప్పుడూ ఎలా తోలుతావో అలాగే తోలు. ఆయమ్మా వత్తాది, గోవిందూ వత్తాడు."

ఆటో తోలమంటే కాదనే డ్రైవరు ఉండడు. భీమన్న పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. చేపల బుట్ట వెనక పెట్టారు. నూకరత్నం వెనక సీటులో ఒక చివర కూర్చుని కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుంది. దారిలో భీమన్న హుషారుగా ఎక్కడెక్కడ తను ఏ బస్సుని ఎలా దాటాడో చెబుతున్నాడు. మంగరాజు పక్కన కూర్చుని గీతనే చూస్తున్నాడు.

బోర్డు వచ్చింది. గీత ఒకటయింది. భీమన్న ఇరవై ఏళ్ళ కిందటి కథ ఏదో చెబుతూనే ఉన్నాడు, చెబుతూ చెబుతూనే హ్యాండిల్ కుడికి తిప్పాడు.

"ఆపన్నా!" అని అరిచాడు మంగరాజు. "ఎక్కడికక్కడ ఆపీ!"

భీమన్న బ్రేకు తొక్కాడు. ఎదర రోడ్డు ఖాళీగా ఉంది. మంగరాజు దిగి, గోవింద్‌ని మలుపు చివరికి పంపి వచ్చే బళ్ళని నిదానించమన్నాడు. భీమన్న దిగాడు. ముందు చక్రాన్ని చూశాడు. అది గీతకి అవతల ఉంది. ఎడమ వెనక చక్రం ఒక్కటే ఇవతల ఉంది. ఆ తర్వాత ఇటు తిరిగి, ఎండలో వాడిపోతున్న నిమ్మచెక్కల్ని చూశాడు. ఆ రెండింటినీ మార్చి మార్చి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

నూకరత్నం కూడా దిగింది. కట్టు చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆటో ముందునుంచి పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి, తన వైపు రోడ్డు మధ్యన నిలబడింది. ఆటో ముక్కు సూటిగా ఆమె వైపే చూస్తోంది.

"ఇప్పుడు నాను వత్తన్నాననుకోండి," అంది.

ఎవరూ అనుకోనక్కర్లేదు, అందరికీ కనబడుతూనే ఉంది.

"స్టాండులో అన్న మాట ఇక్కడ ఎనక్కి తీసుకుంటన్నాను. తప్పు నాది కాదు. మీరు కూడా ఆ సోటే, ఆ మనుసుల ముందే సెప్పాల భీమన్నగారూ."

"సెప్తానమ్మా," అన్నాడు భీమన్న. అతని గొంతులో ప్రెసిడెంటు లేడు. మంగరాజు వైపు తిరిగి, నిజంగానే అర్థం కాక అడిగాడు. "ఎన్నేళ్ళబట్టి ఇలా తిప్పుతున్నానురా నాను? నువ్వూ తిప్పుతున్నావు, అందరూ తిప్పుతున్నారు. మరి ఇన్నేళ్ళూ ఎవుల్నీ గుద్దలేదేటి?"

నాలుగు రోజులుగా ఇన్ని ప్రశ్నలు వేసుకున్న మంగరాజుకి ఈ ప్రశ్న తట్టనే లేదు.

జవాబు నూకరత్నం చెప్పింది. "ఎలా గుద్దుతారండి? ఎదర వచ్చీవోలం మేం తప్పుకుంటన్నాం కదా. ఆటోలు ఇక్కడ ఇటు వత్తాయని నాకెరికే. మూడేళ్ళబట్టి, ఈ మలుపుకాడికి వచ్చీసరికి ఆటో కనబడితే బండి మట్టిలోకి దింపీదాన్ని. మీరు పోయాక ఎక్కించుకునీదాన్ని."

"మరి ఆరోజు?" అన్నాడు మంగరాజు.

"ఆరోజు అంచు పొడుగునా ఒడ్లు ఆరబోసున్నారు అన్నయ్యా. గింజల మీదకి సక్రం ఎలా ఎక్కించను?"

మలుపు చివరినుంచి గోవింద్ ఏదో బస్సు వస్తోందని కేకేశాడు. భీమన్న గబగబా ఆటో ఎక్కి వెనక్కి తీసి తన వైపుకి తెచ్చుకున్నాడు. నూకరత్నం రోడ్డు దిగి పక్కకి వచ్చింది. మంగరాజు ఆమె నిలబడిన చోటికి వెళ్ళి కిందకి చూశాడు. తారు అంచున, మట్టిలో, ఊడ్చుకుపోగా మిగిలిన వడ్లగింజలు అక్కడక్కడ ఇరుక్కుని ఉన్నాయి. శనివారం ఇదే చోట అరగంట వంగి వెతికాడు. గాజుపెంకులు చూశాడు, పొలుసులు చూశాడు, గీకుడు రెండుసార్లు కొలిచాడు. ఈ గింజలు చూడలేదు.